రీమర్ కాడ మీద మూడు గీతలు

“బాబాయి, సూటిగా అడుగుతున్నాను. ఆ నలభై ప్లేట్లకీ రీమర్‌ను చక్‌లో పెట్టి కొట్టారా, కాలెట్‌లో పెట్టి కొట్టారా?”

అడిగినవాడు షాపు ఓనరు. అడిగింది మధ్యాహ్నం టీ వేళ, అందరి ముందూ. అతని బల్ల మీద కస్టమరు వాపసు పంపిన ఇనప ప్లేట్ల పెట్టె ఉంది. పై ప్లేటు రంధ్రంలో నిలబెట్టిన పిన్ను, వేలితో తాకితే చాలు, వదులైన పన్నులా కదులుతోంది. బిగుతుగా కూర్చోవలసిన పిన్ను అది. రంధ్రాన్ని సరిగ్గా ఆ బిగుతుకి కోసే పనిముట్టే రీమరు.

బాబాయి చేతులు తుడుచుకుంటున్న గుడ్డను మడిచి భుజాన వేసుకున్నాడు.

“నన్నా అడుగుతున్నారు ఆ మాట?” అన్నాడు.

ఓనరు మొహం చిన్నబోయింది. “అది కాదు బాబాయి, అడగాలి కాబట్టి అడిగాను,” అని పిన్ను పీకి జేబులో వేసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆపరేషన్ చేసే డాక్టరును చేతులు కడుక్కున్నారా అని అడిగినట్టుంది వాళ్ళకి.

బాబాయి అబద్ధం ఆడలేదు. ఈ సంగతిని ఆయన ఆ తర్వాత పధ్నాలుగు నెలల పాటు రోజూ తనకు తాను చెప్పుకున్నాడు. ప్రశ్నకు ప్రశ్న వేశాడు, అంతే. అబద్ధం ఆడకుండానే మోసం చేసే సౌకర్యం పేరున్నవాళ్ళకే ఉంటుంది. పేరు లేనివాడు పాపం నోరు విప్పి అబద్ధం ఆడుకోవాలి.

ఆయన పేరు ఏ పాటిదో చెప్పాలి. ఏడు షాపులున్న ఆ సందులో అందరికీ ఆయన కాలెట్ బాబాయి. ఆయనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా బాబాయి అనే పిలుస్తారు. యాభై మూడేళ్ళ మనిషి, మిల్లింగ్ మిషన్ మీద ఇరవై ఆరేళ్ళు నిలబడినవాడు. జేబులో పెన్ను ఉండేచోట చిన్న డయల్ ఉంటుంది. అది మిల్లీమీటరులో వందో వంతు తేడాని ఒక గీతగా చూపిస్తుంది. షాపులో కొత్తగా ఎవరు చేరినా మొదటి వారం, పనిముట్టును మిషన్‌కి పట్టి ఉంచే రెండు పట్టుల మీద ఆయన ఉపన్యాసం వినాల్సిందే.

“చక్ ఎలా పట్టుకుంటుంది? మూడు దవడలతో. మూడు వేళ్ళతో కలం పట్టుకున్నట్టు. కాలెట్ ఎలా పట్టుకుంటుంది? చుట్టూ, పిడికిలితో పట్టుకున్నట్టు. మూడు వేళ్ళతో పట్టుకున్నది తిరిగేటప్పుడు ఊగుతుంది. పిడికిట్లోది ఊగదు. డ్రిల్‌కి చక్ చాలు, పర్లేదు. అది గరుకు పని. రీమర్‌కి మాత్రం కాలెట్. రీమర్ ఉన్నదే హోల్‌ని సరిగ్గా కొలతకి తేవడానికి. దాన్నే ఊగనిస్తే ఇక ఆ పనెందుకు, ఇంటికెళ్ళి పడుకో.”

ఇందులో సగం నిజం, సగం గొప్ప. మంచి చక్ మురికి కాలెట్ కన్నా నయం. ఇనుప రజను నలుసంత ఇరుక్కుంటే కాలెట్ కూడా తప్పతాగినవాడిలా ఊగుతుంది. ఆ మాట ఆయనకీ తెలుసు, కానీ ఉపన్యాసంలో చెప్పేవాడు కాదు. ఉపన్యాసాలు అందుకోసం కాదు కదా.

పక్కనే డ్రిల్లింగ్ మిషన్ మీద పనిచేసేది ఆయన బావమరిది. వాడి బతుకంతా చక్ మీదే. పొద్దున మిషన్లు మొదలయ్యేసరికి ఇద్దరికీ వాదన మొదలయ్యేది.

“బావా, చక్కే లేకపోతే ఈ ఊళ్ళో సగం తలుపులకి గొళ్ళాలుండవు.”

“గొళ్ళాలకి పనికొస్తుందిలే. పని తెలిసినవాళ్ళ చేతికి పనికిరాదు.”

“మా అక్కని నీకిచ్చేటప్పుడు డయల్ పెట్టి చూడాల్సింది మేము. ఎన్ని గీతలు ఊగేవాడివో.”

ఆ నలభై ప్లేట్ల పని పడ్డ రోజు కూడా ఇదే జరుగుతోంది. తప్పు చేయించిన కారణం ఏదైనా పెద్దది చెప్పగలిగితే కథ వినసొంపుగా ఉండేది; ఇంట్లో ఎవరికో బాగాలేదనో, మూడు రోజులుగా నిద్ర లేదనో. అలాంటిదేమీ లేదు. కాలెట్‌ను ముందు దాని నట్‌లో నొక్కాలి, టక్కుమని చప్పుడు చేసి కూర్చోవాలి, ఆ తర్వాతే నట్‌ను మిషన్‌కి బిగించాలి. మొదటి రోజు నేర్పే పాఠం అది. బాబాయి, బావమరిది చక్‌ను వెక్కిరిస్తూ, తల అటు తిప్పి, కాలెట్‌ను నేరుగా మిషన్ మూతిలో దూర్చి పైనుంచి నట్ బిగించేశాడు. స్పానరు చివరి తిప్పులో ఏదో చితికినట్టయింది. విప్పి చూస్తే ఎనిమిది సైజు కాలెట్ పెదవి నలిగిపోయి ఉంది.

స్టోర్‌లో ఇంకొకటి ఉంది. కానీ పాతది చూపిస్తేనే కొత్తదిస్తారు. పుస్తకంలో కారణం రాయాలి. మొదటి రోజు పాఠం మరిచిపోయానని ఆ పుస్తకంలో, తన చేత్తో, తను నేర్పినవాళ్ళ సంతకాల కింద రాయాలి. బాబాయి చితికిన కాలెట్‌ను గుడ్డలో చుట్టి అన్నం డబ్బాలో పెట్టుకున్నాడు.

బావమరిది భోజనానికి వెళ్ళగానే వాడి మిషన్ నుంచి చక్ విప్పి తెచ్చి, అందులో రీమర్ పెట్టాడు. అలవాటు కొద్దీ డయల్ ఆనించి చేత్తో తిప్పి చూశాడు. ముల్లు ఎనిమిది గీతలు ఊగింది. చూశాడు. చూసి డయల్‌ను జేబులో పెట్టేసుకున్నాడు. డ్రిల్ వేసిన హోల్‌నే రీమర్ పట్టుకుని పోతుందిలే అనుకున్నాడు. అది బావమరిది రోజూ చేసే వాదన, ఈయన రోజూ కొట్టిపారేసేది. మొదటి రెండు ప్లేట్లలో పిన్ను పెట్టి చూస్తే పర్వాలేదనిపించింది. పదకొండో ప్లేటు దగ్గర చక్ పట్టులో ఉన్న రీమర్ కాడ జారి కీచుమంది. చక్ కీతో ఇంకాస్త బిగించాడు. ఆ తర్వాత ఏ రంధ్రంలోనూ పిన్ను పెట్టి చూడలేదు. చూస్తే ఏం కనబడుతుందో తెలిసినవాడు కనుక.

భోజనం వేళ దాటకముందే చక్ దాని చోటికి చేరింది. బావమరిది వచ్చి, “బావా, నా చక్ ఎవరో కెలికారు, కీ ఎడమవైపుంది,” అన్నాడు.

“నీ చక్ నీకే సరిగ్గా ఉండదు, ఇంకెవరికి కావాలి,” అన్నాడు బాబాయి.

ప్లేట్లు వాపసు వచ్చాక, చక్ కాదు, చేసినవాడు కాదు అని తేలాక ఇక మిగిలింది రీమరు. ఆ రీమరు వారం ముందే సాన పట్టి వచ్చింది. పట్టింది సానక్క.

సందు మలుపులో, ఒక మిషన్ పట్టేంత రేకుల గదిలో ఆమె పనిముట్లకు పదును పెట్టేది. మొగుడు నేర్పిన పని. మొగుడు పోయాక పద్ధెనిమిదేళ్ళుగా ఒక్కతే. బాబాయికంటే రెండేళ్ళు చిన్నదే అయినా ఆయన కూడా అక్కా అనే పిలిచేవాడు. రీమర్ పళ్ళ అంచులన్నీ ఒకే ఎత్తులో రావాలి. ఒకటి పొడుగైతే అదే ఎక్కువ కోసి రంధ్రాన్ని పెద్దది చేస్తుంది. “సాన తేడా వచ్చింది,” అని ఓనరు తేల్చేశాడు. కస్టమరుకి అదే రాసి పంపాడు. సానక్కకు రావలసిన నాలుగు నెలల బిల్లు ఆపేసి, పాడైన ప్లేట్ల కింద చెల్లు అన్నాడు. రీమర్‌ను ఆమె గది ముందు పడేసి రమ్మన్నాడు.

మాట సందంతా పాకడానికి రెండు టీలు పట్టింది. నెల తిరిగేసరికి ఏడు షాపుల్లో ఐదు షాపులు ఆమెకు పని ఇవ్వడం మానేశాయి. ఆమె గది ముందు కొత్త అట్టముక్క వేలాడింది: కత్తులకు, కత్తెరలకు సాన పట్టబడును.

బాబాయి ఆ అట్టముక్కను రెండుసార్లు చదివాడు. మర్నాడు ఇంట్లో కూరగాయల కత్తిని కాగితంలో చుట్టుకుని సానక్క దగ్గరికి వెళ్ళాడు. ఆమె అడిగినదానికి రెట్టింపు ఇచ్చాడు. చిల్లర వద్దన్నాడు. ఇంటికొచ్చేటప్పుడు ఒళ్ళు తేలికైనట్టనిపించింది. ఆ తేలిక పది రోజులుంది.

పది రోజులకు కత్తెర తీసుకెళ్ళాడు. ఆపైన మళ్ళీ కత్తి. ఆపైన పక్కింటివాళ్ళ కత్తి, అడిగి మరీ.

“ఏవండీ,” అంది భార్య ఒక ఆదివారం, కత్తిని వెలుతురుకి ఎత్తి చూస్తూ. “మన పెళ్ళినాటి కత్తి ఇది. ఇరవై ఏళ్ళలో అరగనిది ఈ ఏడాదిలో సగమైంది. ఇంకో నాలుగుసార్లు తీసుకెళ్తే దీంతో బట్టలు కుట్టుకోవచ్చు.”

“పదునుంటే నీకే మంచిది కదా.”

“పదునుకేం, గాలి కూడా తెగుతోంది. చెప్పండి, ఏం జరిగింది?”

“ఏం లేదు.”

“ఏం లేకపోతే నా కత్తి మీదెందుకు మీ ప్రతాపం,” అని ఆమె లోపలికి పోయింది. ఆ రోజు నుంచి కత్తిని బియ్యం డబ్బాలో దాచింది.

సానక్క కూడా ఊరుకోలేదు. “నెలలో మూడోసారి. ఇంట్లో ఏం కోస్తున్నారు బాబాయి, రాళ్ళా?” అని నవ్వేది. నవ్వేటప్పుడు ఆయన మొహంకేసి చూసేది, చాలాసేపు. ఆయన మిషన్‌కేసి చూసేవాడు.

షాపులో ఉపన్యాసం ఆగిపోయింది. కొత్తగా చేరినవాళ్ళు అడిగితే “చూసి నేర్చుకోండి” అని నీళ్ళు నమిలేవాడు. ఒక్కో పనిని మూడేసిసార్లు కొలిచేవాడు. చూసేవాళ్ళకి పనిమీద భక్తి మరీ ముదిరిందనిపించింది. ఓనరైతే ఆయన ఫొటో తీయించి, ‘నాణ్యతే మా ఊపిరి’ అన్న బోర్డు పక్కన గోడకు తగిలించాడు. తప్పు చేసినవాడు నలిగిపోతుంటే అది సగం శిక్ష అనుకోవడం మనకు అలవాటు. ఈయన నలుగుడు వల్ల సానక్కకు ఒక్క రీమరు కూడా తిరిగి రాలేదు.

పధ్నాలుగో నెలలో ఓనరు ఆయన్ని గదిలోకి పిలిచాడు.

“సానక్క మిషన్ అమ్మేస్తోందట. మనమే తీసుకుంటే మన సాన మనమే పట్టుకోవచ్చు. తొంభై వేలంటోంది. మీరెళ్ళి డయల్ పెట్టి చూసి రండి. ఎక్కడో ఒక చోట ఊగకపోదు. నాలుగు తప్పులు రాసుకొస్తే డెబ్భైకి దించుతాను.”

“తప్పుల్లేకపోతే?”

“మీరు చూస్తే తప్పులు ఎందుకు దొరకవు బాబాయి? మీ మాటకి ఆవిడ కూడా ఎదురు చెప్పదు.”

మర్నాడు పొద్దున్నే వెళ్ళాడు. గది ఊడ్చి ఉంది. మిషన్ మీద దుమ్ము లేదు. అట్టముక్క తీసేసి గోడకు ఆనించి ఉంది.

“కత్తి తేలేదా?” అంది సానక్క.

“ఓనరు పంపించాడు. మిషన్ చూసి రమ్మని.”

“తెలుసు. చూడు.” ఆమె బల్ల కింది పెట్టెలోంచి ఒక రీమర్ తీసి ఇచ్చింది. “దీన్నే బిగించి చూడు. నా మిషనూ తెలుస్తుంది, నా పనీ తెలుస్తుంది. మీ షాపుదే ఇది. పడేసి పోయారు. ఆ తర్వాత నేను దీన్ని ముట్టుకోలేదు.”

బాబాయి రీమర్‌ను మిషన్ రెండు మొనల మధ్య పెట్టి, డయల్ ఆనించి, ఒక్కొక్క పన్నే తిప్పుతూ వచ్చాడు. ఆరు పళ్ళు. ముల్లు కదల్లేదు. మళ్ళీ తిప్పాడు. కదల్లేదు.

“ఇప్పుడు కాడ చూడు,” అందామె.

కాడ మీద మూడు గీతలున్నాయి. చుట్టూ సమానమైన దూరంలో, సన్నగా, జారిన మేర చర్మం గీరుకుపోయినట్టు. కాలెట్ గీతలు పెట్టదు. మూడు దవడలున్నదే పెడుతుంది. పదకొండో ప్లేటు కీచుమన్న చప్పుడు ఆయన చెవిలో మళ్ళీ వినిపించింది.

“ఎప్పుడు చూశావక్కా?”

“పడేసి పోయిన రోజే. అరగంటలో మీ ఓనరు దగ్గరికి పట్టుకెళ్ళాను. చూశాడు. ‘మా బాబాయి చక్ ముట్టుకోడు’ అన్నాడు. ఈ గీతలకన్నా నీ పేరే ఆయన కంటికి లోతుగా కనిపించింది.”

“మరి నన్నెందుకు అడగలేదు?”

“నువ్వే వస్తావనుకున్నా. వచ్చావు కూడా, కత్తి పట్టుకుని.” ఆమె స్టూలు మీద కూర్చుంది. “పోనీలే, ఈసారి చెప్తాడు అనుకునేదాన్ని. కత్తి అరిగింది కానీ నీ నోరు పెగల్లేదు. రెట్టింపు డబ్బులిచ్చి పోయేవాడివి. ఆ ఎక్కువ డబ్బులన్నీ ఆ డబ్బాలో ఉన్నాయి. పోయేటప్పుడు పట్టుకుపో.”

బాబాయి నోరు తెరిచాడు. “తప్పయిపోయింది అక్కా. ఆ రోజు నా కాలెట్...”

“కాలెట్ సంగతి నాకెందుకు? చితికిందో, పోయిందో. తప్పయిపోయిందని నాకు చెప్తే ఏం లాభం? నాకు తెలిసిందే. తెలియనివాళ్ళకి చెప్పు. నా మీద మాట ఏడు షాపులకి పాకింది. ఏడింటికీ వెళ్ళి చెప్పు. నీ నోటితో. టీ వేళ, అందరూ ఉన్నప్పుడు, నన్ను అన్నట్టే.”

“మిషన్?”

“ఎల్లుండి దాకా ఆగుతాను. ఆపైన మీ వాడు కాకపోతే ఇంకొకడు కొంటాడు.”

బాబాయి ముందు తన షాపుకే వెళ్ళాడు. టీ కేటిల్ వచ్చేదాకా గోడ మీద తన ఫొటో కింద నిలబడ్డాడు. అందరూ గ్లాసులు అందుకున్నాక చెప్పాడు. చితికిన కాలెట్‌ను బల్ల మీద పెట్టాడు. పధ్నాలుగు నెలలుగా అది ఆయన పనిముట్ల పెట్టె అడుగునే ఉంది. చెప్పడానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

ముందుగా మాట్లాడింది బావమరిది. “రోజూ నా చక్‌ని తిట్టి తిట్టి, చివరికి దాన్నే దొంగతనంగా వాడుకున్నావా బావా?” అన్నాడు. నవ్వుదామని మొదలుపెట్టాడు కానీ మధ్యలో నవ్వు ఆగిపోయింది. “అడిగితే ఇవ్వనా నేను? పక్కనే ఉన్నాను కదా.”

ఓనరు గ్లాసు కింద పెట్టి ఆయన్ని గదిలోకి లాక్కెళ్ళాడు. “ఎందుకు బాబాయి ఇప్పుడిదంతా? కస్టమరుకి సాన తప్పని రాసిచ్చాం. అయిపోయింది.”

“గీతలు చూశారట కదా మీరు.”

“చూశాను. మీరు కాదనుకోవడమే నాకు సుళువనిపించింది. మీరైతే నలభై ప్లేట్ల నష్టం నాది. ఆవిడైతే ఆవిడది.” తలుపుకేసి చూశాడు. “ఆవిడ బిల్లు మాత్రం నేనివ్వను. ప్లేట్లకి నాకు పోయింది చాలు. ఇవ్వాలనుంటే మీరిచ్చుకోండి.”

“ఇస్తాను. మిషన్‌లో తప్పుల్లేవు. ఒక్కటి కూడా. కాగితం మీద రాసి తెచ్చాను.”

ఓనరు ఆ కాగితం తీసుకోలేదు. బాబాయి దాన్ని బల్ల మీద పెట్టి వచ్చేశాడు.

మిగిలిన ఆరు షాపులకూ ఆ రోజు, మర్నాడు తిరిగాడు. టీ వేళ కోసం ఒక్కో గుమ్మం దగ్గర నిలబడి, పిలిస్తే లోపలికి వెళ్ళి, అవే మూడు నిమిషాలు. మొదటి చోట మాటలు వెతుక్కున్నాడు. మూడో చోటికి మాటలు నలిగి సాఫీగా వచ్చేస్తున్నాయి. అది తనకే నచ్చక, నాలుగో చోట ముల్లు ఎనిమిది గీతలు ఊగడం చూసి కూడా డయల్ జేబులో పెట్టుకున్న సంగతి కలిపి చెప్పాడు. అంతవరకు ఎవరికీ చెప్పని ముక్క అది. అక్కడ ఎవరూ ఓదార్చలేదు. ఐదో షాపులో పెద్ద టర్నరు ఒకాయన, “నా చిన్నప్పట్నుంచి రీమర్లు చక్‌లోనే కొడుతున్నాను. నువ్వు మా అందరికీ సిగ్గు నేర్పించావు, అది నీ తప్పు,” అని మళ్ళీ లేతు వైపు తిరిగాడు. ఏడో షాపు ఓనరు పూర్తిగా విని, “మరి మాకిప్పుడు ఏం చేయమంటావు?” అన్నాడు.

“మీ రీమర్లు ఆవిడకి పంపండి.”

“పంపుతాం కానీ, నీ మాట మీద ఆపేశాం, మళ్ళీ నీ మాట మీదే పంపాలా?”

బాబాయి దండం పెట్టి బయటికొచ్చాడు.

ఇంట్లో ఆ రాత్రి భోజనాల దగ్గర భార్యకు చెప్పాడు. ఆమె అంతా విని, లేచి, బియ్యం డబ్బాలోంచి కత్తి తీసి ఆయన ముందు పెట్టింది. “ఇది మీరే ఉంచుకోండి. నాకు కొత్తది కావాలి,” అంది. ఆపైన రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. తప్పు చేసినందుకు కాదట. పధ్నాలుగు నెలలు తన వంటింటిని వాడుకున్నందుకట.

సానక్క మిషన్ అమ్మలేదు. ఆపేసిన ఐదు షాపుల్లో మూడు మళ్ళీ పని పంపాయి, ఒకటి వెంటనే, రెండు నెల తర్వాత. బాబాయి షాపు పంపలేదు. ఓనరుకి ఆమె గుమ్మం తొక్కడానికి మొహం చెల్లడం లేదంటారు, అది సిగ్గో పంతమో ఎవరికీ తెలీదు. గోడ మీది ఫొటో తీసేశారు కానీ మేకు అలాగే ఉంది. సందులో ఆయన్ని ఇప్పుడు చక్ బాబాయి అంటున్నారు. మొదట్లో ఎదురుగా అనేవాళ్ళు కాదు, ఇప్పుడు అంటున్నారు. ఆయన పలుకుతున్నాడు.

కొత్తవాళ్ళకు మళ్ళీ చెబుతున్నాడు. నిలబడి కాదు, మిషన్ దగ్గరే, పని మధ్యలో. కాలెట్ చితికితే స్టోర్ పుస్తకంలో రాయండి, ఆ గడిలో నా పేరు కూడా ఉంది, పేజీలు వెనక్కి తిప్పి చూసుకోండి అంటాడు. ఉంది కూడా. పధ్నాలుగు నెలలు ఆలస్యంగా, కారణంతో సహా రాశాడు.

ఆ నెల జీతం రోజున సానక్క దగ్గరికి వెళ్ళి పదిహేను వందలు బల్ల మీద పెట్టాడు. క్షమించావా అని అడగలేదు. ఆమె కూడా ఆ ఊసెత్తలేదు. డబ్బు లెక్కపెట్టుకుని, సరిపోయిందంది.

“కూర్చో అనవా అక్కా?” అన్నాడు ఒక నెల.

“స్టూలొక్కటే ఉంది. దాని మీద నేనున్నాను,” అని ఆమె రీమర్ పళ్ళు చూసుకుంటూ ఉండిపోయింది.

ఆపేసిన బిల్లు ఇరవై రెండు వేల నాలుగు వందలు. నెలకు పదిహేను వందల చొప్పున తొమ్మిది నెలలు కట్టాడు. ఇంకా ఎనిమిది వేల తొమ్మిది వందలు ఇవ్వాలి.